ఏ ఎండకా గొడుగేనా?



గడచిన ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘంలోని ఒక తల్లి నన్ను గుడి మెట్ల దగ్గర ఆపింది. ఆమె కుమారునికి ఆఫ్రికా ఖండంలోని ఒక దేశంలో లెక్కల ఉపాధ్యాయునిగా ఉద్యోగం వచ్చింది. వీసా పని జరుగుతున్నది. "మాస్టారూ, మీరు అటు వెళ్లి వచ్చినవారు గదా. మావాడు అక్కడ సర్దుకుపోగలడా?" అని అడిగింది. కుర్రవాడు గదమ్మా, సర్దుకుపోతాడు అన్నాను. ఆమె ముఖంలో తృప్తి కనబడలేదు. కొంచెం ఆగి, "మరీ సర్దుకుపోడు గదా?" అన్నది.

ఒకే తల్లి, ఒకే నిమిషంలో అడిగిన ప్రశ్నలు ఇవి. రెండూ సరియైనవే. పరాయి దేశంలో బ్రతకాలంటే సర్దుకుపోక తప్పదు. అయితే అలా సర్దుకుంటూ పోయినవాడు చివరకు ఎవరుగా మిగులుతాడు? మనకు ఇష్టమైనవాడు చేస్తే సర్దుకుపోయాడంటాము, ఇష్టంలేనివాడు చేస్తే ఏ ఎండకా గొడుగు పట్టాడంటాము. చేసిన పని ఒకటే. ఈ రెంటి నడుమ గీత ఎక్కడ ఉన్నదో ఆ రోజు ఆమెకు చెప్పలేకపోయాను. అందుకే ఇది వ్రాస్తున్నాను.

ఈ చిక్కు క్రొత్తది కాదు. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక తొమ్మిదవ అధ్యాయంలో తాను ఎవరి మధ్య ఉంటే వారిలా నడుచుకున్నానని చెప్పుకున్నాడు. అదే పౌలు గలతీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయంలో, అంతియొకయలో పేతురును ముఖాముఖిగా నిలదీశానని చెబుతాడు. పేతురు చేసిన తప్పేమిటి? అన్యజనులతో కూర్చుని భోజనం చేస్తున్నవాడు, యాకోబు దగ్గర నుండి కొందరు రాగానే పంక్తి విడిచి లేచిపోయాడు. వచ్చినవారికి తగినట్టు సర్దుకున్నాడు, అంతే గదా! పౌలు చేస్తే సువార్త కొరకు, పేతురు చేస్తే వేషధారణ ఎలా అవుతుంది? సండే స్కూల్లో పాఠం చెప్పే రోజుల్లో ఈ ప్రశ్నను నేను చాలా ఏండ్లు దాటవేశాను. సమాధానం నాకు ఇథియోపియాలో దొరికింది, అది కూడా భోజనం దగ్గరే. దొరికిన తీరు నాకు గౌరవం తెచ్చేది కాదు.

ముందుగా నా గర్వం సంగతి చెప్పాలి. మా తాతగారు నెల్లూరు జిల్లా నుండి కోలారు బంగారు గనులకు పనికి వచ్చినవారు. నేను పుట్టి పెరిగింది మారికుప్పం లైన్లలో. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు, ప్రభుత్వ కచేరీలో కన్నడం. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డ తరువాత మావాళ్లలో చాలామంది తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరులో పనిచేసి రాత్రికి ఇల్లు చేరే బ్రతుకుకు కూడా అలవాటుపడ్డారు. ఇది చదువుతున్న షోలాపూరు, బరంపురం, యానాం సంఘాలవారికి కూడా ఇలాంటి కథలు ఉంటాయి. మూడు తరాలుగా పరాయి చోట బ్రతికినవాళ్లము, మాకు సర్దుకుపోవడం ఎవరో నేర్పాలా అనుకున్నాను.

2007 అక్టోబరులో బెంగళూరులో విమానం ఎక్కాను. దిగేసరికి అక్కడ 2000వ సంవత్సరం. ఇది హాస్యం కాదు. ఇథియోపియావారి పంచాంగం మన లెక్కకు ఏడు ఎనిమిది ఏండ్లు వెనుక నడుస్తుంది. వారికి పదమూడు నెలలు. పన్నెండు నెలలకు ముప్పదేసి రోజులు, మిగిలిన అయిదారు రోజులు పదమూడో నెల. ఆ సంవత్సరం సెప్టెంబరు 12న వారికి 2000 ప్రారంభమైంది. నేను వెళ్లేసరికి వీధుల్లో ఆ పండుగ తోరణాలు ఇంకా వ్రేలాడుతున్నాయి.

నేను పనిచేసిన ఊరు బహిర్ దార్. తానా సరస్సు ఒడ్డున, సముద్రమట్టానికి సుమారు 1,800 మీటర్ల ఎత్తున ఉన్నది. నీలి నైలు నది ఆ సరస్సు నుండే బయలుదేరుతుంది. ఇక్కడ మన సంఘంలో చెప్పినప్పుడు కొందరు, "అపొస్తలుల కార్యములు ఎనిమిదవ అధ్యాయంలో ఫిలిప్పు చేత బాప్తిస్మము పొందిన నపుంసకుని దేశమా?" అని సంతోషించారు. కందాకే రాణి ఏలిన రాజ్యం నేటి సూడానులోని మెరోయే ప్రాంతమని పండితులు చెబుతారు. కాని ఇథియోపియావారు ఆయనను తమవానిగానే చెప్పుకుంటారు. వారితో ఆ వాదం పెట్టుకోవద్దని మాత్రం మనవి.

దినదిన జీవితంలో మొదట దెబ్బతీసింది గడియారం. అక్కడ రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. మన ఉదయం ఏడు గంటలు వారికి ఒంటిగంట. ఇంట్లో కొళాయి బాగుచేసేవాడు రేపు రెండు గంటలకు వస్తానన్నాడు. మరునాడు ఉదయం ఎనిమిదింటికి అతడు తలుపు కొడితే నేను స్నానం మధ్యలో ఉన్నాను, వద్దని పంపేశాను. మధ్యాహ్నం రెండింటికి సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. అతడెందుకు వస్తాడు? మాట నిలబెట్టుకోని మనుషులని ఆ సాయంత్రం ఇంటికి ఉత్తరం కూడా వ్రాశాను. సువార్తలలో ప్రభువు సిలువ మరణపు గడియలు మూలభాషలో ఇదే లెక్కలో ఉన్నాయి, మన తెలుగు తర్జుమాలో వాటిని మన గంటలకు మార్చి ఇచ్చారు. వాక్యం చదివే నాకు ఆ లెక్క తెలియనిది కాదు. తెలిసినదే అయినా, నా ఇంటి తలుపు దగ్గర అది గుర్తుకు రాలేదు.

తిండికి అంత బాధపడలేదు. టెఫ్ అనే సన్నటి ధాన్యపు పిండిని రెండు మూడు రోజులు పులియబెట్టి పోసే ఇంజెరా, మన పుల్లట్టుకు పెద్దక్క. బెర్బెరె కారం మన గుంటూరు కారానికి చుట్టమే. బహిర్ దార్‌కు కొంత దూరాన ఉన్న ఫోగెరా మైదానంలో వరి పండుతుందని తెలిసిన రోజున నాకు కలిగిన సంతోషం వ్రాయలేను. ఆ ఎత్తులో నీళ్లు సుమారు 94 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి పప్పు ఉడకడానికి చాలాసేపు పడుతుంది. కుక్కరు లేకుండా ఎవరూ వెళ్లకండి. వీధిలో తిరిగే మూడు చక్రాల ఆటోను అక్కడివారు "బజాజ్" అనే పిలుస్తారు. మన దేశం నుండి వచ్చిన బండి పేరే ఆ భాషలో మాట అయిపోయింది. తెలియని ఊళ్లో ఆ బండి మోత వినబడితే కాస్త ధైర్యంగా ఉండేది.

క్రిస్మస్ మాత్రం కష్టమయింది. వారికి పండుగ జనవరి 7న. డిసెంబరు 25న నాకు రెండు తరగతులు. నల్లబల్ల మీద సమీకరణాలు వ్రాస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. జనవరి 7న ఊరంతా తెల్లని నేత బట్టలు కట్టి పండుగ చేసుకుంటుంటే నేను, ఇది నా క్రిస్మస్ కాదని, తలుపు వేసుకుని పడుకున్నాను. యజమానురాలు పంపిన పళ్లెం గుమ్మం ముందు చల్లారింది. ఆ రోజును తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇక తరగతి గది. అక్కడ ఉన్నత పాఠశాల నుండి బోధన ఇంగ్లీషులోనే గనుక భాష చిక్కు ఉండదనుకున్నాను. "అర్థమయిందా?" అని అడిగితే పిల్లలు గబుక్కున లోపలికి ఊపిరి పీల్చేవారు, దెయ్యాన్ని చూసినట్టు. నాకు భయపడుతున్నారనుకున్నాను. ఒక అమ్మాయిని "ఇంటిపని చేశావా?" అని అడిగాను. అలాగే ఊపిరి పీల్చింది. చేయలేదు గాబోలునని అందరి ముందు మందలించాను. ఆమె మాట్లాడకుండా నోటుపుస్తకం తెరిచి చూపింది. అన్నీ చేసి ఉన్నాయి. ఆ లోపలి ఊపిరే వారి భాషలో "అవును" అని తరువాత ఒక సహోద్యోగి చెప్పాడు. నేను మన అలవాటు చొప్పున అవునంటూ తల పక్కలకు ఆడిస్తే వారికి అది "కాదు"లా కనబడుతున్నదట. ఆరు వారాలు వారు అవునంటే నేను కాదనుకున్నాను, నేను అవునంటే వారు కాదనుకున్నారు. ఆ ఆరు వారాల్లో నేను ఇంటికి వ్రాసిన ఉత్తరాల్లో ఒకటే మాట, ఈ పిల్లలకు ఇంగ్లీషు రాదు. అదే సమయంలో వెనుక బెంచీలో ఒకడు ప్రక్కవానితో, ఈ మాస్టారు మనతో హిందీలో మాట్లాడుతున్నాడు అన్నాడట.

ఆ మాట విన్న రాత్రి నుండి అమ్హారిక్ అక్షరాలు దిద్దడం మొదలుపెట్టాను. మన గుణింతం వంటిదే, ఒక్కొక్క హల్లుకు ఏడు రూపాలు. నలభై ఆరేండ్ల వయసులో పలక పట్టిన నన్ను చూసి యజమానురాలి మనుమరాలు తప్పులు దిద్దేది. తరగతిలో ప్రతి వాక్యం బల్ల మీద వ్రాసి, నెమ్మదిగా రెండుసార్లు పలికేవాడిని. నా వేగం పోయింది, వాక్చాతుర్యం పోయింది, మారికుప్పంలో సంపాదించుకున్న మంచి మాస్టారనే పేరు అక్కడ చెల్లలేదు. పిల్లలకు మాత్రం పాఠం అందింది.

అసలు విషయానికి వస్తున్నాను. భౌతికశాస్త్రం చెప్పే ఒక సహోద్యోగి నాకు బాగా దగ్గరయ్యాడు. ఆర్థడాక్స్ సంఘానికి చెందినవాడు, గట్టి భక్తిపరుడు. బుధవారం, శుక్రవారం మాంసం, పాలు, గ్రుడ్లు ముట్టడు. ఈస్టరుకు ముందు యాభై అయిదు రోజుల ఉపవాసంలో మధ్యాహ్నం దాటేవరకు మంచినీళ్లు కూడా తాగకుండా పాఠం చెప్పేవాడు. 2008 ఈస్టరుకు నన్ను ఇంటికి పిలిచాడు. ఆ దినాన ఇరుగుపొరుగువారు కలిసి ఎద్దును కోసుకుని వాటాలు పంచుకుంటారు, మన పల్లెల్లో పండుగకు పోగులు వేసుకున్నట్టే. అందులో లేత భాగాన్ని పచ్చిగానే ముక్కలు కోసి, మిట్‌మిటా అనే కారంలో అద్ది తింటారు. వారికి అది పండుగ భోజనంలో శ్రేష్ఠమైన వంతు. గౌరవించదగిన అతిథికి ఇంటివారే ముద్ద చేసి నోట్లో పెడతారు, దానిని గుర్షా అంటారు. మన గోరుముద్ద వంటిదే, అయితే పెద్దవారికి కూడా పెడతారు. అతను పచ్చి మాంసాన్ని ఇంజెరాలో చుట్టి నా నోటి దగ్గరకు చెయ్యి చాపాడు.

నాకు కడుపులో తిప్పింది. నా కడుపుకు పడదు, క్షమించు అంటే సరిపోయేది. అది నిజం. వైద్యులు కూడా పచ్చి మాంసం వద్దనే చెబుతారు. కాని ఆ క్షణంలో నేను అన్నమాట వేరు. "మా మతం ఒప్పుకోదు" అన్నాను.

అతని చెయ్యి వెనుకకు పోయింది. ముఖం మారిపోయింది. నన్ను క్షమాపణ అడిగాడు. భార్యతో ఏదో చెప్పగానే ఆమె ఆ పళ్లెం మీద గుడ్డ కప్పి లోపలికి తీసుకుపోయింది. యాభై అయిదు రోజులు ఉపవాసమున్న కుటుంబం, తమ పండుగనాడు, తమ ఇంట్లో, నా అబద్ధం కొరకు ఆ భోజనం మానుకున్నది. అక్కడితో ఆగలేదు. వాక్యంలో ఎక్కడ ఉన్నదని అతను అడిగాడు. కొట్లాడే మనిషి కాదు, నేర్చుకోవాలనే అడిగాడు. తప్పించుకోలేక అపొస్తలుల కార్యములు పదిహేనవ అధ్యాయం, రక్తము విసర్జించవలెనన్న సంగతి ఎత్తాను. మా ఇంట్లో ఆ వచనాన్ని గూర్చి ఎన్నడూ ఎవరూ అంతగా ఆలోచించినవాళ్లము కాము. అతను మాత్రం ఆలోచించాడు. రెండు వారాల తరువాత తెలిసింది, తన గురువు దగ్గరకు పోయి, ఇన్నాళ్లు నేను పాపం చేస్తున్నానా అని అడిగాడట. గురువు కాదని చెప్పినా అతనికి నెమ్మది కలగలేదట.

కొరింథీయులకు వ్రాసిన పత్రిక ఎనిమిదవ అధ్యాయం మనలో చాలామందికి కంఠోపాఠం. నీవు తినే తిండి వలన బలహీనుడైన సహోదరుని మనస్సాక్షి గాయపడకూడదని అక్కడి బోధ. నేను తినకపోవడం వలన ఒక సహోదరుని మనస్సాక్షిని గాయపరిచాను. తినకపోవడం వలన కూడా కాదు. తినకపోవడానికి చెప్పిన కారణం వలన. అసహ్యానికి భక్తి పేరు పెట్టాను. విదేశాల్లో ఉన్న మనవారిలో దీనిని తరువాత ఎన్నిసార్లు చూశానో! ఇరుగింటివారి పిల్లలతో మన పిల్లలను ఆడనివ్వకపోవడం, పెండ్లికి పిలిస్తే పోకపోవడం, వారి భాష నేర్చుకోకపోవడం, వీటన్నిటికీ మనం పెట్టుకునే పేరు "సాక్ష్యము కాపాడుకోవడం". కొన్నిసార్లు అది నిజమే కావచ్చు. తరచుగా అది బద్ధకం, లేక గర్వం.

అప్పుడు పేతురు సంగతి నాకు తెలిసివచ్చింది. పౌలు సర్దుకున్నప్పుడు నష్టం పౌలుదే. అతని అలవాటు పోయింది, స్వాతంత్ర్యం పోయింది, తనవారిలో పేరు పోయింది. పేతురు సర్దుకున్నప్పుడు పేతురుకు పోయినదేమీ లేదు. యెరూషలేము నుండి వచ్చినవారి దగ్గర మర్యాద దక్కింది. ఆ సర్దుబాటుకు వెల చెల్లించినవారు పంక్తిలో మిగిలిపోయిన అన్యజనులు, సగం తిన్న రొట్టె ముందు కూర్చుని, మనం మైల మనుషులము గాబోలు అనుకున్నవారు. నేనూ ఆ ఈస్టరు దినాన నా పరువు దక్కించుకున్నాను, వెల మాత్రం ఆ ఇంటివారు చెల్లించారు.

మరి ఏదీ నిరాకరించకూడదా? అక్కడ ఇండ్లలో టెల్లా అనే బీరు వంటి పానీయం, తెజ్ అనే తేనె మద్యం చేసి అతిథికి తప్పక ఇస్తారు. నేను మూడేండ్లలో ఒక్క గ్రుక్క త్రాగలేదు. మా నాయనగారు, గనిలో పనిచేసిన ఆయన స్నేహితులు, జీతం రోజున సారా దుకాణం దాటి ఇల్లు చేరడానికి ఎంత పోరాడారో చూసినవాడిని. చిన్ననాట సంఘం ముందు ఆ తీర్మానం చేసుకున్నాను. ఇది అసహ్యం కాదు. నిజం చెప్పాలంటే తెజ్ వాసన బాగానే ఉంటుంది. వద్దన్నప్పుడు ఎందుకు వద్దో, మా నాయన కథతో సహా చెప్పేవాడిని. ఎవరూ నొచ్చుకోలేదు. అక్కడి ప్రొటెస్టెంటు విశ్వాసులు కూడా త్రాగరు గనుక వారికి అది వింతా కాదు. దానియేలు కూడా కల్దీయుల భాష నేర్చాడు, వారి విద్య నేర్చాడు, వారు పెట్టిన పేరుకు పలికాడు, రాజు భోజనం మాత్రం వద్దన్నాడు. అప్పుడు కూడా కాపలాదారుని ప్రాణానికి ముప్పు రాకుండా పది దినములు పరీక్షించి చూడమని అడిగాడు. తన నిష్ఠ కొరకు వేరొకడు శిక్ష పొందకూడదని ఆలోచించిన తరువాతనే పట్టుబట్టాడు. దానియేలు గ్రంథం మొదటి అధ్యాయంలో మనం ఎక్కువగా బోధించని భాగం అదే.

ఇంతవరకు సర్దుకోకపోవడంలోని తప్పు చెప్పాను. ఆ తల్లి భయపడినది రెండవదాన్ని గూర్చి. అది నాకు రెండవ సంవత్సరంలో పట్టుకున్నది, దానికి రుచి ఎక్కువ.

మొదటి సంవత్సరం నా పరీక్షలో సగం మందికి పైగా తప్పారు. పైవారు బహుమర్యాదగా నన్ను పిలిచి, మీ ప్రశ్నలు ఇక్కడి పిల్లలకు కాస్త కఠినమేమో ఆలోచించండి అన్నారు. సాయంకాలాలు మన దేశపు అధ్యాపకులు నలుగురైదుగురం టీ దగ్గర చేరినప్పుడు కూడా ఇదే మాట. మనం ఇక్కడ ఎన్నాళ్లు ఉంటాము, ఇక్కడ ఇంతే, ఎందుకండీ తల బద్దలు కొట్టుకోవడం. ఆ మాటలో ఎంత హాయి ఉన్నదో విన్నవారికే తెలుస్తుంది. తరువాతి పరీక్షకు నేను బల్ల మీద చేసి చూపిన లెక్కలనే అంకెలు కూడా పెద్దగా మార్చకుండా ఇచ్చాను. అందరూ గట్టెక్కారు. పైవారు సంతోషించారు, పిల్లలు సంతోషించారు, నాకు దిద్దే పని తగ్గింది. పూర్తిగా సర్దుకున్నానని ఇంటికి వ్రాశాను.

ఒక విద్యార్థి, పల్లెటూరివాడు, సెమిస్టరు చివర కాగితం తీసుకుని నా గదికి వచ్చాడు. మంచి మార్కులే వచ్చాయి. ఏమి కావాలన్నాను. "ఇండియాలో మీ విద్యార్థులకు కూడా ఇలాంటి ప్రశ్నలే ఇస్తారా, మెమ్హిర్?" అని అడిగాడు. మెమ్హిర్ అంటే బోధకుడు. తప్పు పట్టే గొంతు కాదు, తెలుసుకోవాలని అడిగాడు. ఏమి చెప్పను? ఇవ్వనని చెబితే, మరి మాకెందుకు ఇచ్చారని అడుగుతాడు. ఇస్తానని చెబితే అబద్ధం. చూద్దాంలే అని పంపేశాను.

నా తరగతిలో చాలామంది రేపు ఉన్నత పాఠశాలల్లో ఉపాధ్యాయులు కావలసినవారు. నేను వారికి ఇవ్వని పాఠం, వారు తమ పల్లెల్లోని పిల్లలకు ఇవ్వలేరు. "ఇక్కడ ఇంతే" అన్న నా మాటకు వెల చెల్లించేది నేను ఎన్నడూ చూడని పిల్లలు. ఆ దేశపు గడియారానికి, పంచాంగానికి, తిండికి సర్దుకున్నప్పుడు నేను వారిని గౌరవించాను. వారి పిల్లలకు ఇంత చాలులే అనుకున్నప్పుడు వారిని చిన్నచూపు చూశాను. పైకి రెండూ ఒకేలా, వినయంగా, స్నేహంగా కనిపిస్తాయి. ఎవరూ ఫిర్యాదు చేయరు గనుక రెండవది మరీ ప్రమాదం.

దీనికి తోడు ఇంకొక సంగతి. ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీ 1956లో మన దేశం వచ్చి వెళ్లాడు. ఆయన పాలనలో మన దేశపు ఉపాధ్యాయులు, ముఖ్యంగా కేరళవారు, వందలమంది అక్కడి బడులకు వెళ్లారు. బహిర్ దార్‌లో ఉద్యోగ విరమణ చేసిన ఒక పెద్దాయన బ్యాంకు వరుసలో నన్ను చూసి, నాకు లెక్కలు నేర్పింది మీవాడే అన్నాడు. ఆ మాస్టారి మీసం, సుద్దముక్కతో గురిచూసి కొట్టడం, సాయంత్రం ఊరకే కూర్చోబెట్టి త్రికోణమితి చెప్పడం, అన్నీ నిన్న జరిగినట్టు చెప్పాడు. నలభై ఏండ్ల క్రితం ఆ మాస్టారు కూడా "ఇక్కడ ఇంతే" అనుకుని ఉంటే నన్ను ఆ వరుసలో ముందుకు పొమ్మని ఎవరనేవారు?

మనవారిని తలచుకున్నా అంతే. 1836లో శామ్యూల్ డే దొర మన తెలుగుదేశం వచ్చాడు, 1840 నుండి నెల్లూరులో పనిచేశాడు. దొరలను గూర్చి మా తాతగారి తరంవారు మాట్లాడుకునేటప్పుడు బంగళా ఎంత పెద్దదో ఎవరూ చెప్పుకోలేదు. ఆయన తెలుగు ఎలా ఉండేది, మన పిల్లవాణ్ణి తన పిల్లవాడిలా చదివించాడా లేదా, ఈ రెండే చెప్పుకున్నారు. 1903లో మన తెలుగు బాప్టిస్టులే జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నేటాలుకు, అక్కడి తోటల్లో కూలికి పోయిన తెలుగువారి మధ్యకు పంపినప్పుడు, ఆయన్ను కూడా అక్కడివారు ఈ తూనికలోనే తూచి ఉంటారు.

మూడవ సంవత్సరం శనివారాలు అదనపు తరగతి పెట్టాను. ప్రశ్నలు మళ్లీ కఠినం చేశాను, కాని ఈసారి వాటికి తగినట్టు నేర్పిన తరువాత. తప్పినవారు తప్పారు. నన్ను పైవారు మళ్లీ పిలిచారు. ఒప్పందం పొడిగించలేదు. అది దీనివల్లనా, వేరే కారణమా అన్నది నేను అడగలేదు, వారు చెప్పలేదు. 2010లో ఇల్లు చేరాను.

వచ్చే ముందు ఒక బాకీ మిగిలింది. ఈస్టరు నాటి అబద్ధాన్ని రెండేండ్లు మోశాను. ఆ రెండేండ్లు నేను వెళ్లిన ప్రతి పండుగకు ఆ ఇంట్లో పచ్చి మాంసం కనబడనివ్వలేదు. బయలుదేరే వారం కాఫీకి పిలిచారు. అక్కడ కాఫీ అంటే గింజలు మన ఎదుటే వేయించి, దంచి, కాచి, మూడు విడతలుగా పోస్తారు. మూడవది ఆశీర్వాదపు గిన్నె, అది త్రాగకుండా లేవకూడదు. మొదటి గిన్నె దగ్గర చెప్పాలనుకున్నాను, నోరు రాలేదు. రెండవదానికీ రాలేదు. మూడవది చేతిలోకి వచ్చాక, వచ్చిన కాస్త అమ్హారిక్‌లో, రానిచోట ఇంగ్లీషులో చెప్పాను. ఆ రోజు నేను చెప్పింది మతం కాదు, కడుపు. భయపడి అబద్ధమాడాను.

అతను చాలాసేపు నేలమీద పరచిన పచ్చగడ్డి వైపు చూస్తూ ఉండిపోయాడు. అతని భార్య మాత్రం నవ్వింది, మీ మాస్టారికి కడుపునొప్పి అని నేనప్పుడే అన్నాను గదా అన్నట్టు. తెలిసి కూడా నీవు ఈ రెండేండ్లు ఆ పళ్లెం దాచావా అని అతను ఆమెను అడిగాడు. ఆమె లోపలికి ఊపిరి పీల్చింది.

2023 ఆగస్టులో ఆ ప్రాంతంలో యుద్ధం చెలరేగి బహిర్ దార్ వీధుల్లో కాల్పులు జరిగినప్పుడు ఇంటర్నెట్టు ఆపివేశారు. కొన్ని నెలలు వారి క్షేమం తెలియలేదు. తరువాత ఒక విద్యార్థి ద్వారా కబురు అందింది, బ్రతికి ఉన్నారు. ఆ విద్యార్థి ఒక పల్లె ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతున్నాడు. కాల్పుల వలన బడి చాలాకాలం మూసి ఉన్నదని వ్రాశాడు.

మా సంఘపు కుర్రవాడు వచ్చే నెల బయలుదేరుతున్నాడు. కుక్కరు, కొన్ని మందులు, పటం చుట్టిన తెలుగు బైబిలు సర్దుకున్నాడు. ఆ దేశపు భాషలో వంద మాటలు ఇక్కడే నేర్చుకుని పొమ్మన్నాను, ఇప్పటికి ముప్పది వచ్చాయట. అతని నిమిత్తము, ఇంటి దగ్గర ఒంటరిగా ఉండబోయే తల్లి నిమిత్తము ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోవలసిందిగా సంఘములవారిని కోరుచున్నాను.